హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ గురించి స్కూలు పుస్తకాల్లో పెట్టాలా?

మూసీగట్టు:
మన ఊరి పేరు ప్రపంచ వైద్య చరిత్రలో ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసు? 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం మత్తు మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి ఆ మత్తులోనే చనిపోయింది. అప్పటినుంచి డాక్టర్ల మధ్య ఒకటే గొడవ, ఈ మందు ముందు గుండెను ఆపుతుందా, ఊపిరినా అని. అది తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. నడిపింది ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. లండన్ నుంచి లాన్సెట్ వైద్య పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ రావడానికి ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఇది మన పిల్లలు చదవాలి.

ఓటీ సిస్టర్:
చదవాలి సార్, కానీ ఆ కమిషన్ చెప్పింది తప్పని కూడా చదవాలి. ఊపిరే ముందు ఆగుతుంది, దాన్ని కనిపెట్టుకుని ఉంటే భయం లేదన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ప్రయోగం చేసి చూపించాడు. మత్తు పల్చగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి, వణికి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

వనస్థలి:
కమిషన్ వాళ్లు కుక్కల మీద ప్రయోగాలు చేశారటగా? పాపం.

మూసీగట్టు:
కుక్కలు, కోతులు, వందల్లో. మేడమ్, అప్పట్లో క్లోరోఫాం కాక ఇంకో దారి ఏముంది? ఇంకో మత్తుమందు ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మన ఎండకు సీసా మూత తీస్తే ఏం మిగులుతుంది? పైగా అంటుకుంటుంది. క్లోరోఫాం 61 డిగ్రీల దాకా మరగదు.

ఓటీ సిస్టర్:
ఈథర్ సంగతి నేను ఎత్తనేలేదు. లండన్ డాక్టరు జాన్ స్నో కమిషన్‌కు ముప్పై ఏళ్ల ముందే చెప్పాడు, క్లోరోఫాం ఆవిరి గాఢంగా తగిలితే గుండె ఆగుతుందని. అందుకే కొలిచి ఇచ్చేవాడు. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫాం ఇచ్చింది ఆయనే. లారీ మాత్రం గురువు సైమ్ మాట పట్టుకున్నాడు, నాడి వద్దు, ఊపిరి చూడు అని.

సన్నజాజి:
రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు ఒక్కరూ ఎత్తరేం? లారీ దగ్గరే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివింది. మత్తు ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఒకరు. 1909లో పై చదువుకు ఎడిన్‌బరో వెళ్లింది.

మూసీగట్టు:
మంచి మాట. సిస్టర్ గారూ, ఊపిరి చూడమనడంలో తప్పేముంది? 2009లో మా అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ చేశారు. ఒక ప్రైవేటు ఆస్పత్రి, పేరు చెప్పను. మత్తిచ్చినాయన మధ్యలో ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. అమ్మ పెదాలు నల్లబడ్డాక గానీ ఎవరూ చూడలేదు. పదకొండు రోజులు కోమాలో ఉండి పోయింది. లారీ చెప్పిన ఒక్క ముక్క పాటించి ఉంటే మా అమ్మ ఉండేది. దాన్ని తప్పు అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఓటీ సిస్టర్:
మీ అమ్మగారి విషయం చదివి చాలా బాధపడ్డాను. అయినా చెప్పాలి. మా నాన్న జిల్లా కేంద్రంలో ఆపరేషన్ థియేటర్ అసిస్టెంటు. బల్ల మీద ఒకతనికి గుండె ఆగింది, ఊపిరి బాగానే ఆడుతుండగా. ఎంక్వయిరీలో ఒకటే ప్రశ్న: "ఊపిరి చూశావా?" చూశానన్నాడు. నమ్మలేదు. చూసుంటే చావడు కదా అన్నారు. సస్పెండ్ చేశారు, ఆ తర్వాత ఆయన మళ్లీ థియేటర్ గడప తొక్కలేదు. ఊపిరి చూస్తే ఎవరూ చావరు అనే మాటకు రెండో అర్థం ఉంది సార్. చచ్చారంటే చూసినవాడిదే తప్పని. కమిషన్ మీద నా కోపం అది.

వనస్థలి:
ఇద్దరూ కాస్త ఆగండి.

మూసీగట్టు:
మా అమ్మ దగ్గర చూసినవాడే లేడు. అక్కడ తప్పు లేదంటారా?

ఓటీ సిస్టర్:
ఉంది. అది వాడి తప్పే. మా నాన్నది కాదు. ఆ రోజు చార్టు జిరాక్స్ ఇంకా మా బీరువాలో ఉంది. ఐదైదు నిమిషాలకు ఊపిరి, నాడి రెండూ ఆయన చేత్తో రాసి ఉన్నాయి.

మూసీగట్టు:
పేషెంటు పేరు కొట్టేసి పంపండి. కమిషన్ మీద నా మాట మారదు. చార్టు మాత్రం చూస్తాను.