క్రియా పగ నిజంగా ఫోర్స్ మీదేనా? (నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2 – ముగింపుతో సహా కథంతా ఉంది, ఆడనివాళ్ళు జాగ్రత్త)

పజాక్_పంతులు:
ఈ స్టార్ వార్స్ గేమ్ 2004 డిసెంబర్‌లో ఎక్స్‌బాక్స్‌కి, 2005 ఫిబ్రవరిలో పీసీకి వచ్చింది. ఇన్నేళ్ళయినా క్రియాకి కావలసిందేమిటో ఒక కొలిక్కి రాలేదు. నా వరకైతే ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. అది చెబుదామనే ఈ చర్చ మొదలుపెట్టాను.

ఎప్పుడో ఆడి మర్చిపోయినవాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. మనం ఎగ్జైల్, అంటే జెడైలు (ఫోర్స్ అనే, ప్రాణులన్నిటినీ కలిపే అదృశ్య శక్తిని వాడే యోధులు) వెలేసిన మాజీ జెడై. మాండలోరియన్ యుద్ధం చివర్లో మలాకోర్ ఫైవ్ గ్రహం దగ్గర మాస్ షాడో జెనరేటర్ అనే మహా విధ్వంసక ఆయుధాన్ని వాడమని ఆజ్ఞ ఇచ్చింది మనమే. శత్రువులతో పాటు మనవాళ్ళూ నుగ్గైపోయారు. అన్ని చావులు ఒక్కసారిగా తగిలేసరికి ఎగ్జైల్‌కి ఫోర్స్‌తో సంబంధం తెగిపోయింది. కొన్నేళ్ళ తర్వాత పెరాగస్ గనుల స్టేషన్‌లో కళ్ళు తెరుస్తాం. అక్కడి శవాల గదిలోంచి ఒక ముసలావిడ లేచొస్తుంది. ఆవిడే క్రియా. దారిపొడుగునా మనకి గురువు, చివరికి చూస్తే జెడైల శత్రువులైన సిత్‌లలో ఒకరు, డార్త్ ట్రేయా.

తనకేం కావాలో ఆవిడ నోటితోనే చెప్పింది కదా. ఫోర్స్‌కి సొంత సంకల్పం ఉందని, ఏదో సమతౌల్యం పేరు చెప్పి లెక్కలేనన్ని ప్రాణాలు బలిపెడుతూ అందరినీ ఆడిస్తోందని, అందుకే అదంటే అసహ్యమని. ఎగ్జైల్‌తో ఇంకా సూటిగా అంటుంది: నువ్వు ఫోర్స్‌లో చచ్చుబడిన చోటువి, దాని మాట చెల్లని ఖాళీవి, అందుకే నా కంటికి అందంగా ఉన్నావు అని. ఇంత విప్పి చెప్పాక కూడా మర్మం వెతకడం ఎందుకు? ఆవిడ లక్ష్యం ఫోర్స్‌ని చంపడం. ఎగ్జైల్ అందుకు పనిముట్టు.

సింగరేణి_నైట్‌షిఫ్ట్:
పంతులన్నా, నీది మరీ సీదా లెక్క ఉన్నది. ఆ ముసల్ది నోరు తెరిస్తే సగం అబద్ధం. అసొంటిదాని మాట పట్టుకొని కేసు గెలుస్తనంటవా?

నేను చెప్పేది వేరే. ఇది రాసినాయన క్రిస్ అవలోన్. ఫోర్స్ అనే ఆలోచన మీద తనకున్న చిరాకంత క్రియా నోటితోని పలికిచ్చిన అని ఆయననే ఇంటర్వ్యూలల్ల చెప్పిండు. అంటే మనం వినేది ఆ పాత్ర మనసులున్నది కాదు, రైటర్ గోస. పైనకెళ్ళి, గేమ్‌ను ఆ ఏడు పండుగ సీజన్‌ల అమ్మాలని తొందరపెట్టి ఆగమాగం విడిచిపెట్టిన్రు. మలాకోర్‌ల మన జట్టోళ్ళు ఎవరు ఏటు పోయిన్రో తెల్వది. ఫ్యాన్స్ కూసొని ఫైళ్ళల్ల మిగిలిన ముక్కలు తవ్వి రిస్టోర్డ్ కంటెంట్ మాడ్ జేసినంకనే ఓ మోస్తరుగ తెలిసింది. మేస్త్రి పని సగంల ఆపి పోతే, గోడకున్న బొక్కల తత్వం ఎతికినట్టున్నది మన ముచ్చట.

ఎబాన్‌హాక్_వెనకసీటు:
సింగరేణి గారూ, కోతపడ్డ మాట నిజమే. కానీ ఏం కోతపడిందో కూడా చూడాలి కదండీ. హెచ్‌కే-50 రోబోల ఫ్యాక్టరీ, మలాకోర్‌లో జట్టువాళ్ళ గతి, ఇలాంటివి. మలాకోర్‌లోని ట్రేయస్ కోర్‌లో క్రియాతో జరిగే చివరి సంభాషణ మొదటి రోజు అమ్మిన డిస్కులోనే ఉంది. సారా కెస్టెల్‌మన్ గొంతులో ఆ మాటలు విన్నవాళ్ళెవరూ అది తొందరలో రాసిపారేసిన సీను అనరు.

పంతులు గారి వాదనకి నా అభ్యంతరం డాంటూయిన్ గ్రహం మీది సీను. జెడై మాస్టర్లని చంపకుండా వచ్చినవాళ్ళకే ఈ సీను కనబడుతుంది. వ్రూక్, కవార్, జెజ్-కాయ్ ఎల్ ముగ్గురూ ఎగ్జైల్‌ని నిలబెట్టి తీర్పు చెబుతారు. నువ్వు ఫోర్స్‌కి తగిలిన గాయానివి, చంపిన కొద్దీ బలపడుతున్నావు, నీ వెంట తిరిగేవాళ్ళు తమకి తెలియకుండానే నీ దారికి లొంగిపోతున్నారు, కాబట్టి నిన్ను ఫోర్స్ నుంచి తెంచేస్తాం అంటారు. (ఎక్స్‌పీరియన్స్ పాయింట్లతో లెవెల్ పెంచుకోవడాన్నే నేరంగా మార్చి ఆడేవాణ్ణి నిలదీయడం ఎంత దుర్మార్గమో చూడండి. పాయింట్ల కోసం దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ నరికిన మనం అక్కడ తేలు కుట్టిన దొంగల్లా నిలబడాలి.)

ఇప్పుడు చెప్పండి. క్రియాకి కావలసింది ఫోర్స్ లేని మనిషే అయితే, మాస్టర్లు చెయ్యబోతున్నదీ అదే కదా! ఆవిడ వేలు కదపక్కర్లేదు. ఓ మూల నిలబడి చూస్తే పని అయిపోయేది. అలాంటిది అడ్డంపడి, ఆ ముగ్గురినే ఫోర్స్ నుంచి తెంచి, అక్కడికక్కడే ప్రాణాలు తీసింది. ఎందుకు?

పజాక్_పంతులు:
ఎందుకంటే ఎగ్జైల్‌తో ఆవిడకి ఇంకా పని ఉంది గనక. పదును పెట్టుకున్న కత్తిని ఎవరో వచ్చి విరిచేస్తానంటే ఊరుకుంటుందా? మలాకోర్‌కి రప్పించి, అక్కడి పాత గాయాన్ని మళ్ళీ కెలికి, ఆ ప్రతిధ్వని గెలాక్సీ అంతా పాకేలా చెయ్యాలన్నది ఆలోచన. అదేం గాలిమాట కాదు. ప్రాణాల్ని మింగి బతికే సిత్ నిహిలస్ ఒక్కడి ఆకలికి కటార్ గ్రహం మొత్తం ఖాళీ అయింది, బతికి బయటపడింది మన జట్టులో చేరే వీసాస్ ఒక్కతే. అలాంటి గాయమే ఇంకా పెద్దదైతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో సాక్ష్యం. ఏ పక్షమూ పట్టకుండా ఊరుకోవడం చావుకన్నా హీనం అని కోరిబాన్ గ్రహం మీది లూడో క్రెష్ సమాధిలో క్రియానే అంటుంది. ఏదో ఒకటి తేల్చెయ్యాలని కూర్చున్న మనిషి మాట అది.

ఎబాన్‌హాక్_వెనకసీటు:
ఆగండాగండి. లూడో క్రెష్ సమాధిలో కనబడేది క్రియా కాదు! ఆ సమాధి చూపించేవన్నీ భ్రమలు. మన జట్టంతా క్రియా మీదికి ఆయుధాలు దూస్తుంది, ఎటు నిలబడతావో తేల్చుకోమంటుంది. ఎటూ నిలబడకపోతే ఆ మాట వినబడుతుంది. క్రియా ఉద్దేశానికి అది సాక్ష్యం కాదు. ఆవిడ గురించి ఎగ్జైల్ లోలోపల ఏమనుకుంటున్నారో చెప్పే సాక్ష్యం మహా అయితే.

కొత్తగా_దిగాను:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ముగింపు తెలిసిపోయినా పర్వాలేదనుకునే చదువుతున్నా.

నేనింకా నార్ షడ్డా దగ్గరే ఉన్నా. శరణార్థుల పేటలో ఒకడు వచ్చి ఐదు క్రెడిట్లు అడిగాడు. పాపం కదా అని ఇచ్చా. వాడలా పక్కకి వెళ్ళాడో లేదో ముసలావిడ క్లాసు మొదలుపెట్టింది. ఆ డబ్బుల కోసం ఇంకో దిక్కులేనివాడు వాడి మీద పడి చితకబాదడం కూడా చూపించింది. సరే, సేవ్ ఫైల్ వెనక్కి లోడ్ చేసి ఈసారి ఫో అని కసిరా. నా చేత తిట్లు తిన్నవాడు వెళ్ళి ఆ కసి ఇంకొకడి మీద తీర్చుకున్నాడు! మళ్ళీ క్లాసు. ఇస్తే తప్పు, ఇవ్వకపోతే తప్పు. ఇంతకీ ఈవిడ నన్నేం చెయ్యమంటోంది?

సింగరేణి_నైట్‌షిఫ్ట్:
ఏం జెయ్యమనది తమ్మీ. అడకత్తెరల పోకచెక్క లెక్క ఇరికిచ్చుడే దాని పని. జవాబు తెల్సినట్టే మాట్లాడ్తది, ఎన్నడు చెప్పది. నేనంటున్నది గదే, లోతు ఉన్నట్టు కనవడాలని రాసిన మాటలివి.

ఎబాన్‌హాక్_వెనకసీటు:
ఆ సీను అంత తేలిగ్గా తీసిపారేసేది కాదండీ. రెండుసార్లూ ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న, అలా ఎందుకు చేశావు అని. ఇచ్చినందుకూ కాదు, కసిరినందుకూ కాదు తిట్టింది. ఆలోచించకుండా చేసినందుకు. అడిగాడు గనక ఇచ్చేశాం, విసిగించాడు గనక కసిరేశాం. తర్వాత వాడేమవుతాడన్నది మన బుర్రలో లేదు. గేమ్ మొత్తమ్మీద ఆవిడ ఇన్‌ఫ్లుయెన్స్ (మనం ఆవిడకి ఎంత నచ్చామో చూపే లెక్క) పెరగడం, తరగడం చూసుకుంటూ వెళ్ళండి. గుడ్డి దయా నచ్చదు, గుడ్డి క్రూరత్వమూ నచ్చదు.

ఇది పట్టుకుని డాంటూయిన్‌కి రండి. ఆ సీనులోనే మాస్టర్లు ఒక మాట ఒప్పుకుంటారు: నిన్ను ఫోర్స్ నుంచి తెంచింది మేం కాదు, నువ్వే తెంచుకున్నావు అని. నా దృష్టిలో కథకి ఇరుసు ఆ మాటే. మలాకోర్‌లో ఎగ్జైల్ తనంతట తాను ఫోర్స్‌కి దూరమై, చావకుండా, పిచ్చెక్కకుండా ఇన్నేళ్ళు బతికారు. అదే పరిస్థితి క్రియాకీ వచ్చింది. శిష్యులైన సయాన్, నిహిలస్ కలిసి ఆవిడని పడగొట్టి ఫోర్స్‌కి దూరం చేశారు. ఆవిడేం చేసింది? పాకుతూ మళ్ళీ దాని దగ్గరికే వచ్చింది. తన వల్ల కానిది ఎదురుగా ఉన్న మనిషి చేసి చూపించారు, అందుకే ఆ ఆరాధన. మాస్టర్లు బలవంతంగా తెంచితే ఎగ్జైల్ కూడా క్రియాలాగే ఇంకొకరు తెంచిన మనిషి అయిపోతారు. అది ఆవిడ చూడలేకపోయింది.

సాక్ష్యం కావాలంటే ఆవిడ మాటే ఒకటుంది. ఫోర్స్‌ని విషం వాడినట్టు వాడుతున్నాను, అర్థం చేసుకుని దాన్ని చంపే దారి కనిపెడతాను అంటుంది. ఆ వెంటనే, ఇవన్నీ అసహ్యించుకునేదాని మీదే బతకడం అలవాటైన ముసలిదాని సాకులేమో అంటుంది. ఆ రెండో మాట వల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదు, ఎవరూ మోసపోయేదీ లేదు. పంతులు గారు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

పజాక్_పంతులు:
సరే, సొంత నిర్ణయమే ఆవిడకి ప్రాణం అనుకుందాం. మరి మన జట్టులోని ఆటన్ సంగతేమిటి? కథ మొదట్లోనే అతని మనసులోకి దూరి, సిత్‌ల కోసం జెడైల్ని వేటాడిన పాత బాగోతం తవ్వి, ఎగ్జైల్‌కి చెప్పేస్తానని బెదిరించి నోరు నొక్కేసింది. వేటగాడు హాన్‌హార్‌ని చావు అంచు నుంచి లేపి, ఆ ప్రాణభిక్ష అడ్డం పెట్టుకుని తోటి వేటగత్తె మీరా మీదికి వదిలింది. జెడై మాస్టర్ ఆట్రిస్‌ని ఎలా దిగజార్చిందో చూశాం. ఫోర్స్ అందరినీ తోలుబొమ్మల్ని చేసిందని ఏడ్చే మనిషి చేతిలో ఇన్ని దారాలా?

ఎబాన్‌హాక్_వెనకసీటు:
అందులో నేను ఆవిడని వెనకేసుకు రాను. స్వేచ్ఛ ఎగ్జైల్ ఒక్కరికే, తక్కినవాళ్ళంతా పావులు. ఆటన్‌తో మాట్లాడే తీరు చూస్తే నాకు సయాన్ కన్నా ఆవిడే భయంకరంగా అనిపిస్తుంది. అందుకే ఆవిడ విలన్. కానీ మనం మాట్లాడుకుంటున్నది మంచిదా చెడ్డదా అని కాదు, ఏం కావాలి అని.

టీ3_బాబాయ్:
ఎవరూ బంధం ఊసెత్తలేదేంటి?

హార్బింజర్ ఓడ మీద సయాన్ క్రియా చెయ్యి నరికితే ఆ నొప్పి ఎగ్జైల్‌కి తెలుస్తుంది. మన ఇద్దరికీ ఫోర్స్ బంధం పడింది, ఒకరు పోతే రెండోవాళ్ళూ పోవచ్చు అని చెబుతుంది. ఆ ఒక్క మాటతో గేమ్ అంతా ఆవిడ జోలికి ఎవడూ పోలేదు. తీరా మలాకోర్‌లో ఆవిడ పోయింది, మనం లక్షణంగా ఉన్నాం. నొప్పి నిజం, చావు సంగతి బెదిరింపు. కాబట్టి ఈవిడ చెప్పినవాటికన్నా చేసినవే చూడాలి.

చేసింది చూస్తే పంతులు గారి లెక్క కుదరదు. డాంటూయిన్‌లో మాస్టర్లు పోయాక ఎగ్జైల్ స్పృహ లేకుండా ఆవిడ కాళ్ళ దగ్గరే పడి ఉన్నారు. పనిముట్టే అయితే ఎత్తుకుని మలాకోర్‌కి పోవచ్చు కదా. వదిలేసి పోయింది. లేచి, తన కాళ్ళ మీద తాను రావాలని ఎదురుచూసింది. వచ్చాక పోరాడి, రెండో చెయ్యి కూడా పోగొట్టుకుని, మూడు కత్తులు గాల్లో తిప్పి మరీ పోరాడి ఓడింది. ఓడాక ఏడవలేదు, శపించలేదు. మొదటి గేమ్ నాయకుడు రెవాన్ ఎటు వెళ్ళాడు, జట్టులో ఎవరేమవుతారు, ఏ గ్రహం గతేమిటి, అడిగినవాటికల్లా ఓపిగ్గా జవాబు చెప్పింది. పథకం చెడిపోయిన మనిషి ప్రవర్తన అదేనా?

పజాక్_పంతులు:
బాబాయ్, మీరు చెప్పినవాటికీ నా మాటకీ పొత్తు కుదరకపోలేదు. ఆవిడది రెండు వైపులా కాసిన పందెం. ఎగ్జైల్ గెలిస్తే ఆఖరి శిష్యరికం ఫలించినట్టు. ఓడి మలాకోర్‌లోనే ఒరిగిపోతే ఆ గాయం తెరుచుకుని ఫోర్స్ పని అయిపోయినట్టు. ఏది పడ్డా ఆవిడకి నష్టం లేదు. ఆ ప్రశాంతత అందువల్లే.

సింగరేణి_నైట్‌షిఫ్ట్:
అన్నా, ఆ రెండో వైపు గేమ్‌ల ఎక్కడున్నది? ట్రేయస్ కోర్‌ల నేను మస్తు సార్లు చచ్చిన. గేమ్ ఓవర్ తెర వచ్చింది, సేవ్ లోడ్ చెయ్యమన్నది. ఫోర్స్ సచ్చిన సీను ఒక్కసారి గూడ రాలే.

టీ3_బాబాయ్:
😂 పంతులు గారూ, దీనికి సమాధానం చెప్పండి ముందు.

పజాక్_పంతులు:
గేమ్ ఓవర్ తెరని కథలో భాగంగా లెక్కెయ్యకూడదు సింగరేణీ. ఎగ్జైల్ చచ్చిన గెలాక్సీని ఎవరూ చూపించరు, అంతమాత్రాన అక్కడేం జరగదని కాదు. ఆ "చచ్చుబడిన చోటు" మాట ఉన్నంతకాలం నా వాదన నిలబడే ఉంటుంది.

కొత్తగా_దిగాను:
ఒక ప్రశ్న. మీరంతా చెబుతున్న మాటల్లో సగం నాకింతవరకు వినబడలేదు. మాడ్ వేసుకోలేదు, అందువల్లా?

ఎబాన్‌హాక్_వెనకసీటు:
కొంత అది, ఎక్కువ ఇన్‌ఫ్లుయెన్స్. ఈ గేమ్‌లో ఎవరి మనసు గెలిస్తే వాళ్ళే నోరు విప్పుతారు, క్రియా విషయంలో మరీనూ. జట్టులోంచి తీసేసి ఓడలో కూర్చోబెట్టి వెళ్తే ఈ సీన్లు చాలా పోతాయి. అక్షరాలా వేరే క్రియాని చూసి వచ్చి ఇక్కడ కొట్టుకుంటున్నాం మేం.

మాడ్ మాత్రం వేసుకోండి. 2015లో స్టీమ్ వర్క్‌షాప్ సపోర్టు వచ్చాక అదేం పెద్ద పని కాదు, సబ్‌స్క్రైబ్ కొడితే చాలు. ఎం4-78 అని రోబోల గ్రహం మాడ్ విడిగా ఉంటుంది, మొదటిసారికి దాని జోలికి వెళ్ళకండి, కథ నడక మందగిస్తుంది. డాంటూయిన్ మీటింగ్‌కి వెళ్ళేముందు విడిగా ఒక సేవ్ పెట్టుకోండి.