రెండర్ మొదలుపెట్టగానే ఆగిపోతున్న డెస్క్‌టాప్: లోపం గ్రాఫిక్స్ కార్డుదా, పవర్ సప్లైదా?

రాయగడ (ప్రశ్న): నమస్కారం. పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు వాడుతున్న నా డెస్క్‌టాప్, రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను పూర్తి ఫైలుగా తయారుచేసే పని) పెట్టిన కాసేపటికే ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోయి, తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నాను. విండోస్ కొత్తగా వేశాను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో పూర్తిగా తొలగించి మళ్లీ ఎక్కించాను, ర్యామ్ తీసి శుభ్రం చేసి పెట్టాను; ఫలితం లేదు. విండోస్ లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని మాత్రమే కనిపిస్తోంది. మాఘమాసపు పెళ్లిళ్ల పని పేరుకుపోయింది, విశాఖకు మోసుకువెళ్లి చూపించే వ్యవధి లేదు. కార్డు పోయినట్టేనా?

జయపురం: కార్డు ఏది, లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై ఏది? ఆ రెండూ తెలియకుండా చెప్పేదేమీ లేదు.

గుణుపురం: అయ్యా, ముందుగా ఎర్తింగ్ చూపించుకోండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గాని, పై రంధ్రానికి తీగే ఉండదు. అటువంటి చోట పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. మల్టీమీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. ఎర్తు కోసం ఉప్పు, బొగ్గు వేసిన గుంత ఎండిపోకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. దీన్ని పట్టించుకోకుండా వేల రూపాయల కార్డులు కొనడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

బరంపురం: ఎర్తింగ్ తప్పక ఉండాలి. అయితే 41 అనేది కంప్యూటర్ సక్రమంగా మూతపడలేదని తెలుపుతుందే గాని, కారణం చెప్పదు. మామూలు పనుల్లో కూడా ఇలాగే ఆగిపోతోందా?

రాయగడ: లేదండీ, ఇంటర్నెట్ చూసుకున్నంతసేపూ ఏ ఇబ్బందీ రాదు. కార్డు ఆర్‌టీఎక్స్ 3060, సప్లై 450 వాట్లు. కార్డుకు కావలసిన ప్లగ్గు ఈ సప్లైలో లేనందున, దుకాణంలో ఒక కన్వర్టర్ తీగ కలిపి ఇచ్చారు.

పర్లాకిమిడి: 450 వాట్లు ధారాళంగా సరిపోతాయి. నా దగ్గర అదే కార్డు, అదే సామర్థ్యం, ఏ లోపమూ లేదు. ప్రతి సమస్యకూ సప్లై మార్చమనడం సరికాదు, డ్రైవర్ పాత వెర్షన్ వేసి చూడండి.

బరంపురం: మాస్టారూ, పెట్టె మీద రాసిన వాట్లు అన్ని వోల్టేజీలనూ కలిపిన మొత్తం. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ తీసుకునేది ప్రధానంగా 12 వోల్టుల నుంచే కాబట్టి, లేబుల్‌పై ఆ వరుసలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడాలి. మీ సప్లైలో 34, వారి సప్లైలో 22 ఉండవచ్చు. రెండింటి మీదా 450 అనే ఉంటుంది.

పర్లాకిమిడి: 80 ప్లస్ ముద్ర ఉంటే చాలదా?

బరంపురం: ఆ ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా అందుతుందో చెప్పేది మాత్రమే. రక్షణ సర్క్యూట్ల నాణ్యతకు అది హామీ కాదు.

రాయగడ: లేబుల్‌పై 12 వోల్టుల దగ్గర 22 ఆంపియర్లని ఉంది. కన్వర్టర్ తీగ రెండో చివర హార్డ్ డిస్కుకు పెట్టే సాటా ప్లగ్గులు రెండు ఉన్నాయి.

బరంపురం: ఇప్పుడు విషయం స్పష్టమైంది. 22 ఆంపియర్లంటే 264 వాట్లు. ఈ కార్డు ఒక్కదానికే 170 వాట్లు, క్షణికంగా అంతకంటే ఎక్కువ. ఈ కార్డు చిప్‌ను రూపొందించిన ఎన్‌విడియా సూచించినది 550 వాట్ల సప్లై. అంతకంటే ఆందోళన కలిగించేది ఆ తీగ. సాటా ప్లగ్గు 12 వోల్టుల వద్ద మోయగలిగింది 54 వాట్లే, కార్డు ఎనిమిది పిన్నుల ప్లగ్గు నుంచి 150 వాట్ల వరకు అడగవచ్చు. రెండు ప్లగ్గులూ ఒకే తీగ మీద ఉంటే భారమంతా ఆ సన్నని తీగే మోయాలి. ప్లాస్టిక్ కరిగి మంటలు లేచే ప్రమాదం ఉంది. కార్డు పోయిందని ఇప్పుడే నిర్ణయించవద్దు.

జయపురం: ఆ తీగ వెంటనే తీసేయండి.

గుణుపురం: యూపీఎస్ విషయం ఎవరూ అడగలేదు. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) అని రాసి ఉన్న చాలా యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లే. వీఏనూ వాట్లనూ ఒకటిగా లెక్కించరాదు.

పర్లాకిమిడి: కొనేముందు వేరే సప్లైతో పరీక్షించడం మంచిదని నా అభిప్రాయం.

బరంపురం: అంగీకరిస్తాను. తెలిసినవారి దగ్గర కార్డు ప్లగ్గులు నేరుగా ఉన్న 650 వాట్ల సప్లై దొరికితే ఒక్క పూట తెచ్చి పెట్టండి. ప్రాసెసర్‌కు ఇచ్చే ఎనిమిది పిన్నుల తీగను కార్డుకు బలవంతంగా దూర్చవద్దు, రెండింటిలో పిన్నుల అమరిక వేరు.

రాయగడ: తీగ ఊడదీశాను, ప్లగ్గు ఒక అంచున గోధుమరంగుకు తిరిగింది. స్టూడియో మిత్రుడి సప్లై పెట్టాక గంటన్నర రెండర్ ఆగకుండా పూర్తయింది. పని ఉంది, ఉంటాను. ధన్యవాదాలు.

గుణుపురం: సంతోషం. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఎన్ని వోల్టులు వచ్చాయో కూడా తెలియజేయగలరా?