సన్‌ఫ్లవర్ నూనె మానేస్తే మోకాళ్ల నొప్పి తగ్గుతుందా?

మలక్‌పేట్_అబ్బాయి:
అమ్మకు 61. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. పొద్దున లేవగానే గోడ పట్టుకుని నడుస్తుంది. వాకింగ్‌లో ఎవరో చెప్పారట, సన్‌ఫ్లవర్ నూనెలోని ఒమేగా-6 వాపు పుట్టిస్తుందని. సీలు తీయని ఐదు లీటర్ల డబ్బా కింద పోర్షన్ వాళ్లకిచ్చేసి, గానుగ పల్లీ నూనె తెప్పించింది. బిల్లు చూశాక నొప్పి నాకు మొదలైంది. ఇందులో నిజమెంత?

గానుగమనిషి:
అమ్మ చేసిందే కరెక్ట్ తమ్ముడూ. ఆ ఒమేగా-6 పేరే లినోలిక్ ఆమ్లం, మామూలు సన్‌ఫ్లవర్‌లో అది దాదాపు 60 శాతం. ఒంట్లో అది అరాకిడోనిక్ ఆమ్లమవుతుంది, దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. వాపూ నొప్పీ వాటి పనే. వాట్సాప్ ముచ్చట కాదిది. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో చూపించాడు, 1982లో నోబెల్ అందుకున్నాడు.

తార్నాక_పిపెట్:
అన్నా, గొలుసు సరిగ్గానే చెప్పావు, మొదటి లింకే బలహీనం. లినోలిక్‌లో అరాకిడోనిక్‌గా మారేది చాలా కొద్ది. ఆరోగ్యవంతులకు లినోలిక్ పెంచి చూసిన పరీక్షల్లో రక్తంలో వాపు గుర్తులు పెరగలేదు. ఇక గానుగ అంటావా, ఎద్దు తిప్పినా మోటారు తిప్పినా గింజలో ఉన్న కొవ్వే నూనెలోకి వస్తుంది. పల్లీలోనూ లినోలిక్ 30 శాతం దాకా ఉంటుంది, నువ్వుల్లో 40 దాటుతుంది.

నొప్పి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తనంతట తాను పెద్దగా నొప్పి పుట్టించదు, నరం కొసను ఉలిక్కిపడేలా చేసి పెడుతుంది. ఆవకాయ కలిపిన చేతులు గోరువెచ్చని నీళ్లలో పెడితే సలసల కాగే నీళ్లలో పెట్టినట్టుంటుంది కదా? నరం కొసలో కారాన్ని పట్టుకునే ట్రిప్‌వి1 అనే ద్వారం మామూలుగా 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. కారంలాగే వాపున్న చోట ప్రోస్టాగ్లాండిన్లూ ఆ గీతను కిందికి లాగుతాయి, ఒక్కోసారి ఒంటి వేడికే తెరుచుకునేంతగా. నరం కొసలో ఇలా చురుకెక్కే ద్వారాలు ఇంకా ఉన్నాయి. అందుకే వాచిన మోకాలికి మెట్టెక్కడం కూడా దెబ్బలాగే తెలుస్తుంది.

గానుగమనిషి:
మరి 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన మైగ్రేన్ పరీక్ష మాటేమిటి? 182 మంది, 16 వారాలు. మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే, చేపల కొవ్వు, అంటే ఒమేగా-3, పెంచినవాళ్లకు తలనొప్పి రోజులు నెలకు రెండు తగ్గాయి. దాంతోపాటు లినోలిక్ కూడా తగ్గించినవాళ్లకు నాలుగు. ఆ తేడా ఎక్కడిది?

తార్నాక_పిపెట్:
ఇది నా వాదనకు నిజంగానే ఇబ్బంది, ఒప్పుకుంటున్నా. అరాకిడోనిక్ లెక్కొక్కటే కథంతా కాదన్నమాట. కానీ అది తలనొప్పి, మోకాలు కాదు. పైగా వాళ్లు లినోలిక్‌ను రోజు మొత్తం శక్తిలో 1.8 శాతానికి దించారు. పల్లీ నూనెతో వేపుళ్లు చేసుకుంటూ అక్కడికి చేరలేం. తింటే వారానికి రెండుసార్లు చేపలు తినమనండి. అవిసె గింజలూ మంచివే, కానీ వాటిలోని ఒమేగా-3 చేపల్లో ఉండే రకంగా మారేది కొంచెమే.

ఫార్మసీ_అక్క:
నూనె గొడవ తర్వాత. బాబూ, అమ్మ నొప్పికి మాత్ర ఏదైనా వేసుకుంటోందా?

మలక్‌పేట్_అబ్బాయి:
డైక్లోఫెనాక్ అక్కా. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటుంది. ఆర్నెల్లుగా, చాలాసార్లు పరగడుపునే. ఈమధ్య కడుపులో మంటంటోంది.

ఫార్మసీ_అక్క:
అదీ అసలు సంగతి. కడుపు లోపలి పొరను కాపాడేదీ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్రకు మోకాలేదో కడుపేదో తెలియదు, ఆస్పిరిన్‌లాగే రెండుచోట్లా వాటి తయారీ ఆపేస్తుంది. కడుపును వదిలేసి వాపునే పట్టుకునే మాత్రలని తెచ్చిన వాటిలో రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల వల్ల 2004లో మార్కెట్ నుంచి తీసేశారు, కాబట్టి అదో ఇదో మీరే మార్చేయకండి. డాక్టర్‌కు ఈ మంట సంగతి చెప్పండి, బీపీ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించండి. మలం నల్లగా వస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

మలక్‌పేట్_అబ్బాయి:
నలుపు లేదంది. రేపు పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకున్నా. కింద పోర్షన్ వాళ్లు ఆ డబ్బా నూనెతోనే మిర్చి బజ్జీలు వేసి పైకి పంపారు. ప్లేటు దాచేలోపే అమ్మ రెండు తినేసింది.