పేషెంట్లతో పని తక్కువుండాలంటే డీఎంఎల్‌టీ సరైన దారేనా?

సూర్యారావుపేట:
ఇంటర్ బైపీసీ అయిన మా చెల్లికి ఆస్పత్రి పనంటే ఇష్టం, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే జంకు. అందుకే నర్సింగ్ వద్దని రెండేళ్ల డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అనుకుంటున్నాం. ల్యాబ్‌లో అయితే మనుషులతో పెద్దగా పనుండదు కదా?

కొత్తపేట ల్యాబ్:
ఉంటుందండి. గుంటూరు కొత్తపేటలో గానీ మీ సూర్యారావుపేటలో గానీ చిన్న నర్సింగ్‌హోముల్లో రక్తం తీసేదీ, మిషన్‌లో పెట్టేదీ, రిపోర్టు చేతికిచ్చేదీ చాలాచోట్ల ఒక్కరే. పొద్దున్నే పరగడుపు శాంపిళ్లకు జనం వరసగా కూర్చుంటారు. జంకుతో చేయి వణికితే నరం దొరకదు. సన్న సూది పెట్టి సిరంజి గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి, రిపోర్టులో పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. జంకున్నవాళ్లకు ల్యాబ్ చూపించడం తప్పు సలహా అని నా అభిప్రాయం.

వన్‌టౌన్ స్టెరైల్:
చిన్న ఆస్పత్రుల సంగతి పట్టుకుని జంకున్న పిల్లలకు చోటే లేదంటే ఎలాగండీ? పెద్దాస్పత్రుల్లో సీఎస్‌ఎస్‌డీ ఉంటుంది. ఆపరేషన్ పనిముట్లు కడిగి, ఆరబెట్టి, సెట్లుగా సర్ది, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ మిషన్‌లో పెట్టే విభాగం. పేషెంటు ఎదురే పడడు.

తేలిక పనేం కాదు. రోజూ మొదటి లోడుకు ముందు ఖాళీ చాంబర్‌లో రంగు మారే కాగితమున్న ప్యాక్ పెట్టి బౌవీ-డిక్ పరీక్ష చేయాలి, 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు. కాగితం నడుమ రంగు మారని మచ్చ మిగిలితే లోపల గాలి ఉండిపోయినట్టే, ఆ మిషన్ వాడకూడదు. ప్యాక్ మీద టేపు గీతలు నల్లబడగానే అయిపోయిందనుకుంటారు కొందరు. ఆ టేపు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే. ఇక వేడి వేడి ప్యాకుల్ని తీసి చల్లటి స్టీలు బల్ల మీద పెడితే అడుగున చెమ్మ పడుతుంది, ఆ తడిలోంచి క్రిములు లోపలికి పోతాయి. తడి ప్యాకు కనబడిందా, విప్పి మళ్లీ మొదట్నించీ చేయాల్సిందే. థియేటర్ వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

కొత్తపేట ల్యాబ్:
చోటు లేదనలేదండి. చిన్నచోట్ల ఆ పనికి వేరే మనిషిని పెట్టుకోరు, థియేటర్ సిబ్బందే చేసేస్తారు. నా భయం ఇంకొకటి. ఊదా మూత ట్యూబులో రక్తం కొంచెం ఎర్ర మూత ట్యూబులోకి ఒంపారనుకోండి. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏతో పాటు ఉండే పొటాషియం కలిసి, 4 రావాల్సింది 8 దాకా వెళ్తుంది, కాల్షియం పడిపోతుంది. మంచం పక్కనున్న నర్సుకు మనిషి బాగానే ఉన్నాడని కళ్లకు కనబడుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు అంకెలే దిక్కు. ఆ రెండు అంకెలూ కలిపి చూసి అనుమానించాలి, వెంటనే వార్డుకు ఫోన్ చేసి మళ్లీ శాంపిల్ అడగాలి. ఆ ఫోన్‌కు జంకితే?

మంగళగిరి స్లైడ్:
ఫోన్‌లో నర్సుతో మాట్లాడటమూ, భయపడుతున్న పిల్లాడి చేయి పట్టుకుని సూది గుచ్చడమూ ఒకటేనా అండీ? మొదటిది పని మాట, నేర్చుకుంటే వస్తుంది. డీఎంఎల్‌టీతోనే హిస్టోపాథాలజీ (ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పరీక్షించే విభాగం) వైపు వెళ్లొచ్చు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడ కావాల్సింది నిదానమైన చేయి. 3, 4 మైక్రాన్ల మందాన ముక్క కోయాలి. బ్లేడు మొద్దుబారితే గీతలు పడతాయి. అంతకుముందు ఆపరేషన్‌లో తీసిన ముక్క చెడిపోకుండా దానికి పదింతల 10 శాతం ఫార్మాలిన్ పోయాలి. అది గంటకు సుమారు 1 మి.మీ. మాత్రమే ఇంకుతుంది కాబట్టి, గర్భసంచి లాంటిదాన్ని కోయకుండా ముంచితే నడిమి భాగం చెడిపోతుంది. వార్డువాళ్లు సెలైన్‌లో వేసి పంపితే అసలుకే మోసం. ఫార్మాలిన్ ఘాటుకు కళ్లు మండుతాయి, గాలి బయటికి లాగే ఏర్పాటు లేని గదిలో మాత్రం చేరొద్దు.

సూర్యారావుపేట తమ్ముడూ, ఫీజు కట్టేముందు ఆ కాలేజీ పిల్లల్ని ట్రైనింగ్‌కు ఏ ఆస్పత్రికి పంపుతుందో, అక్కడ హిస్టోపాథాలజీ, బ్లడ్ బ్యాంకు ఉన్నాయో లేదో అడగండి. 50 పడకల నర్సింగ్‌హోముకు పంపితే మీ చెల్లికి ఆ పల్చటి ముక్కలు కోసే మైక్రోటోమ్ మిషన్ కనబడదు, రెండేళ్లూ చేతిలో సిరంజే ఉంటుంది.