1887 బేస్‌బాల్ సీజన్: టిప్ ఓనీల్ సగటు 0.435నా, 0.485నా, 0.492నా?

గళ్ళకాగితం (ప్రశ్న):
1887 సీజన్ బ్యాటింగ్ పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తున్నాను. అమెరికన్ అసోసియేషన్‌లో (నేషనల్ లీగ్‌తో పాటు అప్పటి పెద్ద లీగ్) సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి ఆడిన టిప్ ఓనీల్ దగ్గరే బండి ఆగింది. ఒక చోట సగటు 0.492, ఇంకో చోట 0.485, మరో చోట 0.435. ఆ ఏడాది వాక్‌లను (పిచర్, అంటే బంతి విసిరేవాడు, సరిగ్గా వేయని బంతులు నిర్ణీత సంఖ్యకి చేరితే బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) హిట్లుగా (బ్యాట్‌తో కొట్టి బేస్ చేరినవి) రాశారన్నంతవరకు తెలుసు. అలాగైతే రెండే అంకెలుండాలి కదా, మూడోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నేషనల్ లీగ్‌లోనూ ఇదే గొడవ: ఒక పట్టికలో క్యాప్ యాన్సన్ మొదటివాడు, ఇంకోదాంట్లో శామ్ థాంప్సన్. అటు 1886తో, ఇటు 1888తో పోల్చాలంటే ఏ అంకె వాడాలి? సగటు ఒక్కటే సరిచేస్తే సరిపోతుందా?

పాతస్కోరుబుక్కు:
మూడు అంకెలకీ మూడు వేర్వేరు పుట్టుకలున్నాయండి. ఈనాటి రికార్డుల్లో ఓనీల్‌కి 517 ఎట్‌బ్యాట్‌లు (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు), 225 హిట్లు, 50 వాక్‌లు. 225ని 517తో భాగిస్తే 0.435. ఇది ఇప్పటి పద్ధతి.

1887 నియమం ప్రకారం వాక్ వస్తే బ్యాటర్ ఖాతాలో ఒక హిట్టూ పడుతుంది, ఒక ఎట్‌బ్యాటూ పడుతుంది. కాబట్టి ఆ 50ని పైనా కిందా రెండు చోట్లా కలపాలి. 275ని 567తో భాగిస్తే 0.485. పైన మాత్రమే కలిపి కింద మరిచిపోతే 0.532 వస్తుంది. అలాంటి అంకె ఎక్కడైనా కనిపిస్తే కారణం అదే.

ఇక 0.492 అప్పట్లో అచ్చయిన అంకె. అప్పటి లీగ్ కూడికకీ, తర్వాతి కాలంలో మ్యాచ్ మ్యాచ్‌కీ స్కోర్లు తిరగేసి చేసిన కూడికకీ తేడా ఉంది. మీకు అడ్డం తిరిగిన మూడోది ఇదే. 0.492లోంచి 50 వాక్‌లు తీసేసి 0.435కి రావాలని కూర్చుంటే ఎప్పటికీ రారు, అడుగున ఉన్న హిట్లు, ఎట్‌బ్యాట్‌లే వేరు. ఏ మూలం పట్టుకున్నా హిట్లు, ఎట్‌బ్యాట్‌లు, వాక్‌లు మూడూ అక్కణ్ణుంచే తీసుకోండి. ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా ఏరుకొస్తే లెక్క కుదరదు.

యాన్సన్, థాంప్సన్‌ల సంగతి ఇంకా తేలిక. చికాగో యాన్సన్‌కి 472 ఎట్‌బ్యాట్‌లు, 164 హిట్లు, 60 వాక్‌లు: ఇప్పటి లెక్కన 0.347, అప్పటి లెక్కన 224 బై 532, అంటే 0.421. డెట్రాయిట్ థాంప్సన్‌కి 545, 203, 32: ఇప్పుడు 0.372, అప్పుడు 235 బై 577, అంటే 0.407. థాంప్సన్ కంటే యాన్సన్‌కి వాక్‌లు దాదాపు రెట్టింపు. కిరీటం తల మారింది ఆ 28 వాక్‌ల తేడాతోనే.

దీన్ని తేల్చింది 1968లో కూర్చున్న ప్రత్యేక రికార్డుల కమిటీ. ఏ ఏడాదైనా సరే వాక్ హిట్టూ కాదు, ఎట్‌బ్యాటూ కాదు అని తీర్మానించింది. మీరు ఏళ్ళ మధ్య పోల్చాలనుకుంటున్నారు కాబట్టి 0.435 వాడండి. 0.492ని పక్కన ‘ఆనాటి అచ్చు’ అని వేరే గడిలో ఉంచండి, కొట్టేయకండి.

నాలుగోస్ట్రైక్:
పై లెక్కకి ఒక చిన్న తోక. 1887 ‘సగటు’ నిజానికి ఈనాటి ఆన్‌బేస్ శాతానికి (బ్యాటింగ్‌కి వచ్చినన్ని సార్లలో ఔట్ కాకుండా బేస్ చేరిన వంతు) అతి దగ్గర. ఓనీల్ ఆన్‌బేస్ శాతం 0.490, వాక్‌లు కలిపిన సగటు 0.485. మధ్యలో ఉన్నది బంతి ఒంటికి తగిలి బేస్‌కి వెళ్ళిన 5 సార్లు మాత్రమే. ఆనాటి వాళ్ళు తెలియకుండానే మంచి కొలత ఒకటి కనిపెట్టి, తప్పు పేరు పెట్టి, ఏడాదికే పారేశారని నా అభిప్రాయం.

1876కి వెళ్ళేటప్పుడు మాత్రం జాగ్రత్త, అక్కడ ఉచ్చు తిరగేసి ఉంది. ఆ ఏడాది వాక్‌ని ఔట్ కింద రాశారు, అంటే ఎట్‌బ్యాట్ పడుతుంది, హిట్ పడదు. రాస్ బార్న్స్ 138 హిట్లని 322తో భాగిస్తే 0.429, 20 వాక్‌లు కింద కలిపితే 0.404. రెండూ పుస్తకాల్లో ఉన్నాయి.

ఇక అసలు విషయం: సగటు సరిచేసినంత మాత్రాన 1887 మామూలు ఏడాది అయిపోదు. ఆ ఒక్క సీజన్‌లోనే బ్యాటర్ ఔట్ కావాలంటే నాలుగు స్ట్రైక్‌లు (కొట్టబోయి తప్పిన, లేదా కొట్టదగ్గదైనా వదిలేసిన బంతులు) పడాలి. 1888లో మళ్ళీ మూడుకి దించేశారు. వాక్‌కి 1886లో నేషనల్ లీగ్‌లో ఏడు బాల్స్ (కొట్టదగ్గ పరిధి బయట పడ్డ బంతులు), అసోసియేషన్‌లో ఆరు పడాలి. 1887లో రెండు చోట్లా అయిదు చేశారు. నాలుగు బాల్స్ లెక్క 1889లో గానీ రాలేదు. పైగా ఫౌల్ (గీతల బయటికి పోయే దెబ్బ) కొడితే స్ట్రైక్ పడే నియమం అప్పటికి లేదు, అది నేషనల్ లీగ్‌కి 1901లో వచ్చింది. కాబట్టి నచ్చని బంతిని పక్కకి నెడుతూ నిలబడ్డవాడికి పెద్ద నష్టం లేదు.

ఇదంతా బ్యాటర్‌కి ఊరికే ఇచ్చిన వరం కాదు. 1886 దాకా బ్యాటర్ క్రీజ్‌లోకి వచ్చి ‘పైన వెయ్యి’ అనో ‘కింద వెయ్యి’ అనో అడిగేవాడు, పిచర్ నడుముకి ఆ వైపే వేయాలి. 1887లో ఆ హక్కు తీసేసి భుజం నుంచి మోకాలి దాకా అంతా స్ట్రైక్ జోన్ (కొట్టదగ్గ బంతి పరిధి) చేశారు. జోన్ ఒక్కసారిగా రెట్టింపయింది, దానికి బదులుగా నాలుగో స్ట్రైక్ ఇచ్చారు. అదే సమయంలో పిచర్ పెట్టెని (నిలబడి బంతి విసిరే గీతల గడి) ఏడు అడుగుల పొడవు నుంచి అయిదున్నరకి కుదించి, వెనక కాలు వెనక గీత మీదే ఉంచి ఒక్క అడుగే వేయాలన్నారు. పరుగెత్తుకొచ్చి విసరడం బంద్.

దెబ్బ ఎక్కడ పడిందో బాల్టిమోర్ ఎడమచేతి పిచర్ మ్యాట్ కిల్‌రాయ్ దగ్గర చూడండి: 1886లో 513 స్ట్రైకౌట్లు (స్ట్రైక్‌లతో ఔట్ చేసినవి), 1887లో 217. వేసిన ఇన్నింగ్స్ దాదాపు అంతే, 580 పైచిలుకు. లూయీవిల్ టోడ్ రామ్‌సే 499 నుంచి 355కి దిగాడు, అయినా ఆ ఏడాది అతనిదే పైచేయి. దీన్ని వెనక్కి తిప్పే సూత్రం లేదు. మూడో స్ట్రైక్ తర్వాత బతికిపోయి హిట్ కొట్టినవాళ్ళెందరో స్కోరు చీటీలో ఉండదు కదా.

గళ్ళకాగితం:
అర్థమైంది. హిట్లు 275గా ఉన్న పట్టిక దిగుమతి చేసుకున్నాను, ఇప్పుడు స్లగింగ్ (ఒక్కో ఎట్‌బ్యాట్‌కి సగటున వచ్చిన బేస్‌లు) 0.718 చూపిస్తోంది. అది కూడా తప్పేనా?

పాతస్కోరుబుక్కు:
తప్పే. మీ షీట్ సింగిల్స్‌ని హిట్లలోంచి డబుల్స్, ట్రిపుల్స్, హోమ్‌రన్లు తీసేసి లెక్కగడుతోంది. ఓనీల్‌కి 52 డబుల్స్, 19 ట్రిపుల్స్, 14 హోమ్‌రన్లు, మొత్తం 85. 275లోంచి 85 పోతే 190 సింగిల్స్. అందులో 50 అసలు బ్యాట్ తగలనివి. నిజమైన సింగిల్స్ 140. మొత్తం బేస్‌లు (సింగిల్‌కి 1, డబుల్‌కి 2, ట్రిపుల్‌కి 3, హోమ్‌రన్‌కి 4) 357, దాన్ని 517తో భాగిస్తే 0.691. హిట్ల గడిలో 225, ఎట్‌బ్యాట్ గడిలో 517 పెడితే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇదే చిక్కు కెరీర్ మొత్తాల్లోనూ ఉంటుంది. యాన్సన్ హిట్లు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉండటానికి పెద్ద కారణాలు రెండు: ఈ 60 వాక్‌లు, 1871 నుంచి 1875 దాకా నేషనల్ అసోసియేషన్‌లో (నేషనల్ లీగ్‌కి ముందున్న లీగ్) ఆడిన అయిదేళ్ళు. 3000 హిట్లు దాటాడా లేదా అన్న వాదన వీటి చుట్టూనే తిరుగుతుంది.

రెండోబేస్:
దొంగిలించిన బేస్‌ల (స్టీల్స్, అంటే ఈనాటి లెక్కన హిట్ సాయం లేకుండా పరుగెత్తి చేరిన తర్వాతి బేస్‌లు) గడి గురించి ఎవరూ అనలేదు. 1887లో సిన్సినాటి హ్యూ నికోల్‌కి 138, సెయింట్ లూయిస్ ఆర్లీ లాథమ్‌కి 129, అదే జట్టు కమిస్కీకి 117. నికోల్ సగటు చూస్తే 0.215. ఇంత తక్కువ కొట్టినవాడు అన్ని బేస్‌లు ఎలా దొంగిలించాడని అనుమానం రావాలి. సగం జవాబు వాక్‌లు, మిగతా సగం నిర్వచనం. అప్పట్లో తోటివాడి సింగిల్ మీద మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కి పరుగెత్తినా ఒక స్టీల్ రాసేవారు. ఈనాటి నిర్వచనం 1898లో వచ్చింది. మొత్తంలో అసలు స్టీల్స్ ఎన్నో విడదీయలేం, అందుకని ఆ గడికి రంగు వేసి ‘పాత నిర్వచనం’ అని రాసి వదిలేయండి. 1886 నుంచి 1897 దాకా అన్ని ఏళ్ళకీ అదే రంగు.

ఇంకొకటి, బ్రౌన్స్‌కీ డెట్రాయిట్‌కీ మధ్య జరిగిన 15 మ్యాచ్‌ల వరల్డ్ సిరీస్‌ని (రెండు లీగ్‌ల విజేతల పోరు) సీజన్ అంకెల్లో కలపకండి. డెట్రాయిట్ 11వ మ్యాచ్‌లోనే గెలిచేసినా ఊరూరా తిరుగుతూ మిగతా నాలుగూ ఆడారు, 10-5తో ముగించారు. ఓనీల్ 124 మ్యాచ్‌లు సీజన్‌వి మాత్రమే. మీ షీట్‌లో 139 దాకా కనిపిస్తే సిరీస్ కలిసిపోయినట్టే.