పాత బొమ్మ రైలింజన్ మోటార్ తిరగడం లేదు, ఎవరైనా చెప్పండి

హన్మకొండ బండి:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నాను, ఇక ఓపిక లేదు. మా పెదనాన్న లండన్ నుంచి తెచ్చిన ట్రయాంగ్ కంపెనీ హెచ్‌ఓ ఇంజన్. పట్టాలు తోమాను, చక్రాలు తుడిచాను, మోటార్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు కొత్తవి వేశాను. అయినా కదలదు. వైండింగ్ కాలిపోయిందా? బోరు మోటార్లు చుట్టే షాపులో చూపిస్తే ఇంత చిన్నది మేం చేయం అన్నారు. వరంగల్‌లో ఇంకెవరైనా ఉన్నారా?

సుబేదారి సర్క్యూట్:
ఏ మోటార్? సప్లై ఏంటి? పెట్టగానే ఏమవుతోంది?

నాలుగు మిల్లీమీటర్లు:
ట్రయాంగ్ హెచ్‌ఓ కాదండీ, ఓఓ. హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు; ఓఓ 1:76. రెండూ 16.5 మి.మీ. పట్టాల మీదే నడుస్తాయి, అందుకే అందరూ కలిపేస్తారు. ఓఓలో అసలు అడుగుకు 4 మి.మీ. లెక్కన బ్రిటన్ పట్టాల వెడల్పు 18.83 మి.మీ. రావాలి. అంటే ఓఓ బండి కింద పట్టాలు ఇరుకుగా ఉన్నట్టే. ఈ తేడా చూసుకోకుండా విడిభాగాలు కొంటే డబ్బు దండగ.

హన్మకొండ బండి:
స్కేలు సంగతి తర్వాత చూద్దాం సార్. మోటార్ ఎక్స్04. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. ఇంజన్ పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ లైటు ఆరిపోతోంది.

సుబేదారి సర్క్యూట్:
షార్ట్. వైండింగ్ జోలికి పోకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఏసీనా డీసీనా?

షెడ్ రిటైర్డ్:
కాజీపేట డీజిల్ షెడ్‌లో పనిచేసినవాణ్ణి, చెప్తున్నా తమ్మీ. బ్రష్ మార్చే ముందు కమ్యుటేటర్, అంటే బ్రష్‌లు ఆనుకునే రాగి ముక్కల చక్రం, చూడాలి. ముక్కల మధ్య సందుల్లో కార్బన్ పొడి ఇరుక్కుంటే కరెంటు అడ్డదారిన పోతుంది. టూత్‌పిక్‌తో మెల్లగా తీయి, స్పిరిట్‌తో తుడువు. గరుకు కాగితం అస్సలు పెట్టకు, రాగి మీద గీతలు పడి కొత్త బ్రష్‌లు అరిగిపోతాయి. ఏసీ డీసీ గొడవ ఎందుకు, సిరీస్ మోటార్ రెండింటి మీదా తిరుగుతుంది.

సుబేదారి సర్క్యూట్:
సిరీస్ మోటార్ తిరుగుతుంది సార్, దాంట్లో మాగ్నెట్ బదులు తీగచుట్టే ఉంటుంది. ఇది పర్మనెంట్ మాగ్నెట్ మోటార్. ఏసీ ఇస్తే గుంయ్‌మని వేడెక్కుతుంది, అంతే.

షెడ్ రిటైర్డ్:
మాగ్నెట్‌దైతే నిజమే. డీసీయే కావాలి. కమ్యుటేటర్ మాట మాత్రం మరిచిపోవద్దు.

హన్మకొండ బండి:
సప్లై డీసీయే. ప్లస్, మైనస్ రాసి ఉంది.

సుబేదారి సర్క్యూట్:
అయితే ఏసీని డీసీ చేసే ఎలిమినేటర్ అనండి. బ్రష్‌లు మార్చినప్పుడు స్ప్రింగ్ కూడా మార్చారా?

హన్మకొండ బండి:
అవును, పాతది తుప్పు పట్టింది. కొలత చూసి స్టీలు తీగ వంచి వేశాను.

సుబేదారి సర్క్యూట్:
అదే. ఎక్స్04లో రెండు బ్రష్‌లనూ నొక్కేది ఒకే స్ప్రింగ్. దాని ఒక కాలికి ఇన్సులేషన్ గొట్టం ఉంటుంది. అది లేకపోతే రెండు బ్రష్‌లూ తీగతోనే కలిసిపోతాయి. సన్న వైరు పైతొక్క ఊడదీసి, చట్రానికి తగలని బ్రష్ వైపు కాలికి తొడగండి. తర్వాత బ్రష్‌లు తీసి కమ్యుటేటర్ మూడు ముక్కల మధ్య మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూడండి. మూడు జతలూ దాదాపు ఒకే రీడింగ్ వస్తే వైండింగ్ బాగున్నట్టే.

నాలుగు మిల్లీమీటర్లు:
మాగ్నెట్ మాత్రం విప్పకండి. పాత ఆల్నికో మాగ్నెట్‌ను ఇనుప ముక్క అడ్డం పెట్టకుండా బయటికి తీస్తే బలం తగ్గుతుంది. అప్పుడు మోటార్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

హన్మకొండ బండి:
తొక్క తొడిగాను, తిరిగింది! మూడు రీడింగులూ సమానమే. కానీ ముందుకు నొక్కితే వెనక్కి పోతోంది, కాసేపటికే చెయ్యి పెట్టలేనంత వేడి.

సుబేదారి సర్క్యూట్:
మాగ్నెట్ తీశారా?

హన్మకొండ బండి:
కడగడానికి నిన్న తీశాను.

సుబేదారి సర్క్యూట్:
తిప్పి పెట్టారు. దిక్కు అందుకే మారింది. బలం తగ్గడం వల్లే వేడి కావొచ్చు. ఇంకా బలమైన నియోడైమియం మాగ్నెట్ వేసుకోవచ్చు, సైజు సరిగ్గా కొలవండి. ఎక్కువసేపు నడపకండి.

షెడ్ రిటైర్డ్:
బేరింగులకు కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క చుక్క. కమ్యుటేటర్‌కు తగలనీయకు.

హన్మకొండ బండి:
థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. మాగ్నెట్ హైదరాబాద్ కోఠీలో దొరుకుతుందా, ఆన్‌లైనేనా?

నాలుగు మిల్లీమీటర్లు:
ఓఓ అని వెతకండి.