ఎర్రర్ కరెక్టింగ్ కోడ్‌ని ‘దిద్దుబాటు’ అనొచ్చా?

విజయనగరం మాస్టారు:
మొన్న సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ తాగి డబ్బులు కొడదామని ఫోన్ తీశాను. క్యూఆర్ స్టిక్కరు నడిమధ్య టీ మరక పడి నల్లబడిపోయింది. అయినా ఫోను చూపించీ చూపించగానే పట్టేసింది. పక్కనున్న మా కుర్రాడు “ఈ మాయని తెలుగులో ఏటంటారు సార్?” అన్నాడు. ఇంగ్లీషులో ఎర్రర్ కరెక్టింగ్ కోడ్, అంటే కొంత చెడినా తప్పుని సరిచేసుకునేలా అదనపు గుర్తులు కలిపి రాసిన సంకేతం. ‘దోష సవరణ సంకేతం’ అనబోయి ఆగిపోయాను. టీ కొట్టు దగ్గర అనే మాటేనా అది?

‘దిద్దుబాటు’ అంటే ఎలా ఉంటుంది? మన ఊళ్ళో బతికిన గురజాడ 1910లో కథకి పెట్టిన పేరు, ఆ మమకారం కొంత ఉందని ఒప్పుకుంటాను. కానీ అసలు కారణం వేరు. తప్పు పట్టడం, తప్పు దిద్దడం అని మనకి రెండు మాటలున్నాయి. ఈ శాస్త్రంలోనూ అవి రెండు వేర్వేరు పనులే. ఆధార్‌లో పన్నెండో అంకె ఉంది చూడండి, ముందున్న 11 అంకెల నుంచి వెర్హోఫ్ అనే గణితజ్ఞుడి పద్ధతిలో లెక్కకట్టి తగిలించింది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతాయి. ఏ అంకె తప్పో మాత్రం చెప్పదు. మా పెద్దనాన్నలాగ తప్పు పట్టి ఊరుకుంటుంది. క్యూఆర్ అలా కాదు, దిద్దుకుంటుంది. అందులో నాలుగు మెట్లున్నాయి. కింది మెట్టు అయితే సుమారు 7 శాతం, పై మెట్టు అయితే సుమారు 30 శాతం చెడినా మళ్ళీ కూర్చుకోగలదు. మూడు మూలల్లో ఉండే పెద్ద గళ్ళకి మాత్రం ఈ రక్ష లేదు.

పలాస జీడిపప్పు:
కోడ్లూ గీడ్లూ నాకు తెల్దు గానీ ఫోన్లో ‘ఇరవై’, ‘అరవై’ గోల తెలుసు. ఇటు లారీ ఇంజన్ ఆన్‌లో ఉంటాది, అటు బస్తాలు దింపుతుంటారు. ఒకసారి ఇరవై అంటే అరవై అని విని నలభై బస్తాలు ఎక్కువ ఎక్కించీసారు. అప్పట్నించీ మా నాన్న “అరవై, మూడిరవైలు” అంటాడు. ఇరవై అయితే “ఇరవై, రెండు పదులు”. అవతలోడు తిరిగి చెప్పీదాకా ఫోను పెట్టడు.

విజయనగరం మాస్టారు:
మీ నాన్నగారు చేసింది కోడ్ కట్టడమే అండీ! ఇరవైకీ అరవైకీ ఒక్క అక్షరమే తేడా. రెండు మాటల మధ్య ఎన్నిచోట్ల అక్షరాలు వేరో, ఆ లెక్కని హామింగ్ దూరం అంటారు. దూరం ఒకటే అయితే తప్పు జరిగిందన్న సంగతే తెలీదు, తప్పుగా విన్నది కూడా ఒప్పు మాటే కాబట్టి. రెండైతే పట్టొచ్చు. మూడైతే ఒక తప్పుని దిద్దొచ్చు, చెడిన మాట ఏ మాటకి దగ్గరగా ఉందో చూసి ఆ ఇంటికి చేర్చడమే.

ఈ దూరానికి పేరిచ్చిన హామింగ్ అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో పనిచేసేవాడు. వారాంతాల్లో అక్కడి రిలే (కరెంటుతో కదిలే మీటల) కంప్యూటరుకి లెక్కలు అప్పజెప్పి వెళ్ళేవాడు. అది తప్పు పట్టేది, పట్టి ఆ లెక్కని వదిలేసేది. సోమవారం వచ్చి చూస్తే ఏముంది, చేతికి సున్నా. తప్పు పట్టగలిగినది ఎక్కడుందో కనుక్కుని దిద్దుకోలేదా అన్న ఉక్రోషంలోంచి వచ్చింది 1950 నాటి ఆయన వ్యాసం. అందులోని కోడ్ ఇది: నాలుగు బిట్లకి (బిట్ అంటే 0 గానీ 1 గానీ) మూడు కాపలా బిట్లు, వెరసి ఏడు. అందుకున్నవాడు కొన్ని కొన్ని చోట్ల ఉన్న 1లు సరిసంఖ్యా బేసిసంఖ్యా అని మూడు పరీక్షలు చేస్తాడు, సరి అయితే 0, బేసి అయితే 1. మూడు జవాబులూ పక్కపక్కన రాస్తే 000 వచ్చిందా, తప్పు లేదు. 101 వచ్చిందా, 0, 1లతో రాసే లెక్కలో అది అయిదు, కాబట్టి అయిదో చోట తప్పు. ఉన్నవి రెండే అంకెలు కాబట్టి చోటు తెలిస్తే దిద్దినట్టే. ఈ మూడంకెల జవాబుని ఇంగ్లీషులో సిండ్రోమ్ అంటారు. నేనైతే ‘జాడ’ అంటాను.

శ్రీకాకుళం పంతులు:
జాడ బాగుంది నాయనా. దిద్దుబాటుతోనే నాకు పేచీ. అక్షరాలు దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, మీసం దిద్దుతాం. అన్నీ ఉన్నదాని మీద తరవాత చెయ్యి తిప్పడమే. మీరు చెప్పేది పంపకముందే అదనంగా కట్టి ఉంచేది కదా. అది మన పద్యంలో యతిప్రాసల లాంటిది.

సుమతి పద్యమే తీసుకో. “అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా”. తాటాకు ప్రతిలో రెండో పాదంలో రెండో అక్షరాన్ని పురుగు తినేసిందనుకో. ప్రాస ఉంది, ‘క్క’ అని చెప్పేస్తుంది. మొదటి అక్షరం పోయిందా, ‘మోహరము’లో ‘మో’ యతి, కాబట్టి అక్కడ మామూలుగా మకారమే ఉండాలి. మొదటి పాదంలో పన్నెండు మాత్రలు, రెండో పాదంలో ఇరవై, అదో కాపలా. కానీ చిక్కేమిటంటే, యతికి ఒ, ఓలతో పాటు ఉ, ఊ కూడా సరిపోతాయి. ‘ముక్కిన వరమీని వేల్పు’ అని పూరించినా ఛందస్సు నోరెత్తదు! ముక్కిన బియ్యం విన్నాం గానీ ముక్కిన వేల్పు ఏమిటి? యతి, ప్రాస, గణం కుదిరాయి కదా అని పరిష్కర్తలు ఇలాగే పూరించిన చోట్లు ఉంటాయి, పాఠభేదాలు వెతికితే నవ్వూ ఏడుపూ వస్తాయి.

బొబ్బిలి ఇంజినీరు:
గురువుగారూ, మీ ‘ముక్కిన వేల్పు’ హామింగ్ కోడ్‌కీ ఉంది. ఏడు బిట్లలో రెండు చెడితే, ఆ జాడ ఆ రెండూ కాని ఇంకో చోటుని చూపిస్తుంది, మనం ధీమాగా మంచి బిట్‌ని పాడుచేస్తాం. అందుకని ఎనిమిదో బిట్ కలుపుతారు. అప్పుడు ఒకటైతే దిద్దుతుంది, రెండైతే తప్పుందని చెప్పి చేతులెత్తేస్తుంది. సర్వర్ల మెమరీలో వాడేది ఈ తరహాదే.

ఇంకో మాట. పురుగు తిన్న కన్నం కంటికి కనిపిస్తుంది. రాతగాడి పొరపాటు కనపడదు. 1960లో రీడ్, సాలమన్ ఇచ్చిన కోడ్‌లో ఈ తేడాకి ఖరీదు ఉంది. కన్నం పూడ్చడానికి ఒక అదనపు గుర్తు చాలు. కనపడని తప్పుకి రెండు కావాలి, ఎక్కడ అని ఒకటి, ఎంత అని ఒకటి. పైగా అది బిట్లని కాదు, బిట్ల గుత్తిని ఒక్క అక్షరంగా చూస్తుంది. తలకట్టు పోయినా, అక్షరం మొత్తం చెరిగిపోయినా దానికి ఒక్క తప్పే. టీ మరక పక్కపక్క గళ్ళని ఒకేసారి మింగుతుంది కాబట్టి క్యూఆర్‌కి ఇదే సరిపోయింది. సీడీలకీ ఇదే.

శ్రీకాకుళం పంతులు:
అయితే రెండు మాటలు పెట్టుకోండి. పంపేవాడిది కట్టుబాటు, అందుకునేవాడిది దిద్దుబాటు.

పలాస జీడిపప్పు:
కట్టుబాటంటే మా ఊళ్ళో తప్పుకి డబ్బు కట్టించీదండి. పిల్లలు నవ్వుతారు.

విజయనగరం మాస్టారు:
నవ్వనీండి, గుర్తుంటుంది. లేదంటే పద్యానికి అన్నట్టు ‘కట్టు’ అందాం. సోమవారం క్లాసులో బోర్డు మీద రెండూ రాసి చూస్తాను. మీ నాన్నగారి మూడిరవైల సంగతి కూడా చెప్పనా అండీ?

పలాస జీడిపప్పు:
చెప్పండి. నలభై బస్తాల సంగతి మాత్రం వద్దు, ఆయనకింకా కోపమే.